సోయి లేనిది

జులై 11

నిన్న రక్షితను బడి దగ్గర మర్చిపోయాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. మొదట పెన్ను దొరకలేదు. పెన్ను వెతుకుతుంటే ఎప్పుడో పోయిందనుకున్న చెవి కమ్మ దొరికింది. దాని జత కోసం బీరువా అంతా కింద పరిచాను. జత దొరకలేదు. ఆ బట్టల మధ్యే కూర్చుని ఏడ్చాను.

బడి నుంచి తేవడం గురువారాలు అన్వేష్ వంతు, మిగతా రోజులు నావి. గురువారం మా విత్తనాల కంపెనీ ల్యాబులో మొలకలు లెక్కపెట్టే రోజు. తడి కాగితాల మధ్య పెట్టిన గింజల్లో ఎన్ని మొలిచాయో చూసి ఆ శాతం రాయాలి. మధ్యలో లేచి రావడానికి ఉండదు. రక్షిత బడిలో చేరినప్పుడే అలా పంచుకున్నాం. కానీ నిన్న పొద్దున నేను స్కూటీ తాళాలు వెతుక్కుంటుంటే, తనకు వచ్చే ఎన్నికల్లో వార్డు టికెట్ గురించి మీటింగు ఉందనీ, పాపను నన్నే తెచ్చుకోమనీ అన్వేష్ వెనక నుంచి చెప్పాడట. నేను సరే సరే అన్నానట. నాకు ఆ మాటే గుర్తు లేదు. గుర్తు ఉండకపోవడం నాకేమైనా కొత్తా!

బడి మూసేశారు. వాన. వాచ్‌మన్ తన స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడట. పొద్దుగూకే వేళ అన్వేష్ స్నేహితుడెవరో అటు పోతూ చూసి అతనికి ఫోన్ చేశాడు. ఊరంతటికీ వార్త అలా తెలిసింది.

"గంటలు గంటలు కూసోని ఇత్తనాలు జూస్తవ్. కన్నబిడ్డను యాదికుంచుకోనీకి రాదా?" అన్నాడు అన్వేష్. దానికి జవాబు ఉంటే నేనూ వినాలనే ఉంది.

తర్వాత అలియాబాద్ నుంచి అత్తమ్మ కారులో వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. రక్షిత బట్టలు సంచిలో పెట్టుకుంటూ, "నువ్వు సోయిలకొచ్చినంక పంపిస్తం తియ్ బిడ్డా" అంది. బిడ్డా అనకుండా ఉంటే బాగుండేది.

సోయి లేనిది. ఈ మాట నాకు అత్తగారింట్లో పుట్టింది కాదు. రావల్‌కోల్‌లో మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, సోయిలేనిదానా అని పిలిచింది ఎక్కువ. చిన్నప్పుడు బడిలో పేరడిగితే అదే చెప్పబోయానని బాపు ఇప్పటికీ నవ్వుతాడు.

జులై 12

రక్షిత రెండు జతల చెప్పులూ ఇక్కడే ఉన్నాయి. ఏం వేసుకుని పోయింది?

జులై 14

ల్యాబుకు పోయే ముందు బడి గేటు దగ్గర నిలబడ్డాను. మామయ్య కారు ఆగింది. రక్షిత దిగి నాకు చేయి ఊపింది. ఎవరో తెలిసినావిడకు ఊపినట్టు ఊపి లోపలికి పోయింది.

జులై 16

ల్యాబులో నాతోపాటు పనిచేసే సుచిత్ర తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఒకావిడ నవ్వుతూ చెబుతోంది. సగంలో వదిలేసిన పనులు, పొయ్యి మీద మర్చిపోయిన పాలు, ఎదుటి మనిషి మాట్లాడుతుండగానే ఎటో వెళ్ళిపోయే మనసు, ఇవన్నీ బద్ధకం కాకపోవచ్చు, ఏడీహెచ్‌డీ అయ్యుండొచ్చు అని. అది పిల్లలకే కాదట. చిన్నప్పుడు ఎవరూ కనిపెట్టక అలాగే పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు చాలామంది ఉంటారట. "నీ గురించే జెప్తున్నట్టుంది గదక్కా" అని సుచిత్ర నవ్వింది. నేను బాత్రూంలోకి పోయి మళ్ళీ చూశాను.

ఫోన్లోనే డాక్టరు చూస్తాడట. అదీ నయమే. మేడ్చల్‌లో మనసు డాక్టరు మెట్లెక్కితే నేను దిగేలోపు అలియాబాద్‌కు కబురు అందుతుంది. టికెట్ కోసం తిరిగేవాడి పెళ్ళాం పిచ్చి డాక్టరు దగ్గర కనిపిస్తే ఇంకేముంది?

పేరు నమోదు చేసుకోగానే ప్రశ్నలు పంపారు. ఎంత తరచుగా వస్తువులు పోగొట్టుకుంటారు? ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. చాలా తరచుగా అన్నదాని పక్కన ఇంకో గడి పెట్టాల్సింది.

జులై 18

మతిమరుపుకని డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అపాయింట్‌మెంట్ మర్చిపోయాను. ఎవరికీ చెప్పుకోలేను కూడా.

జులై 21

ఈసారి ఫోన్లో మూడు అలారాలు పెట్టుకుని డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నాను. సిగ్నల్ అక్కడే బాగుంటుంది. డాక్టరు పేరు ఫణిభూషణ్. కోస్తా మాట. నలభై దాటి ఉంటాయి. నేను చెబుతున్నంతసేపూ తొందరపెట్టలేదు. నేను ఒక సంగతి మొదలుపెట్టి ఇంకోదానిలోకి పోయి, అక్కణ్ణుంచి ఇంకోదానిలోకి పోతుంటే, "స్కూటీ తాళాల దగ్గర ఆగాం" అని గుర్తుచేశాడు. నా పెళ్ళయ్యాక నా మాట ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకున్న మొదటి మగమనిషి.

రక్షిత సంగతి చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. ఆయన ఆగాడు.

"చూడండమ్మా, మీరు చెప్పేవన్నీ దానికి సరిపోతున్నాయి. కాని నిద్ర లేకపోయినా, దిగులున్నా కూడా ఇలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఉందా లేదా అన్నది తేలాలి. పన్నెండేళ్ళ లోపు మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్ళు ఒకరు నాతో మాట్లాడాలి. అమ్మగారున్నారా?"

ఉన్నారన్నాను. పది రోజుల్లో మొదటిసారి నవ్వాను. అమ్మ సాక్ష్యం చెబితే ఈ పరీక్షలో నాకు నూటికి నూరు. ఇది జబ్బని తేలితే దానికి మందు ఉంటుంది, మందు ఉంటే రక్షిత ఇంటికొస్తుంది. అంతే కదా లెక్క.

జులై 22

రావల్‌కోల్ పోయి అమ్మకు చెప్పాను. "ఆ సారు అడిగితే ఏం జేస్తడు? రాసిస్తడా?" అంది. రాసిస్తాడన్నాను. ఇంకో రెండు చిక్కుడుకాయలు వలిచింది. "సరె తియ్, నేను మాట్లాడ్త" అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

జులై 26

ఇవాళ అమ్మ నా నెత్తిన బండ వేసింది.

రావల్‌కోల్‌లో హాలులో కూర్చున్నాం. నేను పోయేసరికి అమ్మ పట్టుచీర కట్టి, పుస్తెలతాడు బయటికి వేసుకుని సోఫాలో ఉంది. టీపాయ్ మీద బిస్కట్లు. నన్ను చూసి, "గా జుట్టేంది గట్ల? దువ్వుకొని రాపో" అంది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

డాక్టరు తెర మీదికి వచ్చి నమస్కారం పెట్టాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది.

"అండాలమ్మ గారూ, సృజన గారు చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేవారా?"

"కుదురంటే గట్లిట్ల కుదురు గాదు సారు. కూసుంటే కూసున్నకాడనే. తలకాయెత్తి ఇటు జూడది, అటు జూడది."

"వస్తువులు పోగొట్టుకోవడం లాంటివి?"

"ఎన్నడు లేదు. పలుక, బలపం కాడికెల్లి అన్ని పైలంగ పెట్టుకునేది."

"చెప్పిన పని మధ్యలో వదిలేసేవారా?"

"అయ్యో, ఒక్క పని జెప్తే రెండు పనులు జేసేది. వంటొచ్చు, కుట్టొచ్చు, ముగ్గులు మస్తు ఏస్తది. పెద్దలంటే భయం, భక్తి. శాన నెమ్మదస్తురాలు సారు నా బిడ్డ. మీదేవూరు సారు? పిల్లలెంతమంది?"

ఇవే మాటలు. అక్షరం పొల్లుపోకుండా ఇవే. నన్ను చూడటానికి వచ్చిన ప్రతి సంబంధానికీ అమ్మ ఇదే సోఫాలో కూర్చుని ఇవే చెప్పింది. అన్వేష్ వాళ్ళకు కూడా చెప్పింది, వాళ్ళు నమ్మారు. మా ఇళ్ళలో పరాయి మనిషి ఎదురుగా కూర్చుని ఆడపిల్ల గురించి అడిగితే నోట్లోంచి వచ్చేది ఇంకోటి ఉండదు. డాక్టరైనా సరే.

నేను మధ్యలో కల్పించుకోబోయాను. "అమ్మగారిని చెప్పనివ్వండి" అన్నాడాయన. అమ్మ చెప్పింది. అంతా అయ్యాక, చిన్ననాటి ఆధారం దొరకడం లేదనీ, ఇలాగైతే ఏదీ తేల్చి చెప్పలేననీ మర్యాదగా అన్నాడు.

ఫోన్ పెట్టేయగానే అరిచాను.

"ముప్పయ్యేండ్లు తిట్టినవ్ గదనే! గా తిట్లే గా సారుకు జెప్పమన్న. ఒక్కటన్న జెప్పినవా?"

"తిడ్త. నా బిడ్డను నేను తిడ్త. పరాయోనికెందుకు జెప్పాలె?"

"ఆయన డాక్టరే!"

"రాసిస్తడని నువ్వే అంటివి. రాస్తే కాయితం. గా కాయితం ఎన్నటికి నీ చేతిలనే ఉంటదా? రేపు నీ అత్త చేతిల వడితే?"

"అత్తకు జూపియ్యనీకేనే నేను రాపిచ్చుకునేది!"

అమ్మ నన్ను అదోలా చూసింది. బిస్కట్ల పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. చదువు లేని మనిషికి రిపోర్టంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? నేనే బుద్ధి తక్కువదాన్ని.

జులై 27

అమ్మకు ఫోన్ చేయలేదు.

జులై 28

చేయలేదు.

జులై 30

చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఏమైనా ఉన్నాయా అని డాక్టరు మెసేజ్ పెట్టాడు. ఎప్పుడో పోగొట్టుకున్నాను. అది ఆధారం కింద రాదా సార్ అని రాసి, తుడిపేశాను.

అన్వేష్ ఆ పొద్దున నాతో మాట్లాడిన సంగతి తలుచుకుంటే ఇప్పుడు కొంచెం కొంచెం గుర్తొస్తోంది. నేను సోఫా దిండ్ల కింద తాళాల కోసం చూస్తున్నాను. వెనక నుంచి ఏదో అన్నట్టే ఉంది.

ఆగస్టు 3

అలియాబాద్‌లో బోనాలు. రక్షిత కొత్త లంగాలో ఉంది. నాకంటే వాళ్ళ నానమ్మ చీర కుచ్చిళ్ళే ఎక్కువ పట్టుకుంది.

ప్రతి ఏడూ ఇంటి కోడలిగా బోనం నేనే ఎత్తుకుంటాను. ఈసారి కుండకు పసుపు రాస్తుంటే అత్తమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు ఉండు బిడ్డా. తొవ్వల యాడనన్న దించి మర్సిపోతవ్" అంది. అందరూ నవ్వారు. ఆడబిడ్డ నవ్వింది, అన్వేష్ నవ్వాడు. రక్షిత వాళ్ళందరినీ చూసి తనూ నవ్వింది.

ఆ నవ్వు తీసుకుని ఇంటికొచ్చాను. ఇంత చేదు నేను ఎన్నడూ మింగలేదు.

ఆగస్టు 7

డాక్టరు ఇంకోసారి ప్రయత్నిద్దామన్నాడు. సాయంత్రం అమ్మే మేడ్చల్‌కు వచ్చింది. మాట్లాడుకోకుండా ఇన్ని రోజులు ఉండటం ఆమెకూ చేతకాదు. బీరకాయలు, కరివేపాకు తెచ్చింది. పట్టుచీర మాత్రం మానలేదు.

ల్యాప్‌టాప్ వంటగది గుమ్మానికి ఎదురుగా డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మళ్ళీ అవే ప్రశ్నలు. మళ్ళీ అదే బంగారు బిడ్డ. ఆఖరికి డాక్టరు సంతోషమమ్మా అన్నాడు. అమ్మ నమస్కారం పెట్టి, పని అయిపోయిందని లేచింది. లేచి వంటగదిలోకి చూసింది.

అమ్మ రాగానే టీ పెడదామని పొయ్యి మీద పాలు పెట్టాను. పెట్టిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"సోయిలేనిదానా!"

ఆ కేకకు పక్కింటి కుక్క మొరిగింది. అమ్మ పొయ్యి ఆపి, కొంగు నడుముకు దోపి, పీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. చేతితోపాటు నోరూ లేచింది.

"పొయ్యి మీద పాలు వెట్టి ముచ్చట్ల వడ్తవా? ఆరేండ్లప్పుడు గింతే, గిప్పుడు గింతే! కారం పట్టిచ్చుకరమ్మని గిర్నికి తోలితే డబ్బ ఆడనే ఇడిసిపెట్టి ఉత్త చేతులూపుకుంట వచ్చినవ్. దొడ్డి కంచె తీసి ముయ్యకపోతివి, బర్రెలన్ని వోయి పక్కోల్ల మక్కల వడ్డయ్. ఒక్క కాలికే చెప్పేసుకొని బడికి వోయినవ్, రెండోదేదే అంటె తెల్వదంటివి. బాపును బువ్వకు పిలుసుకరా వోయే అంటె తొవ్వల చీమల బారు జూసుకుంట కూసున్నవ్, ఆయన ఆకలికి సోలిపాయె. మాస్టరు ఇంటికొచ్చి మొరవెట్టుకునె, మీ పిల్ల బెంచి మీద ఉండదమ్మా, కిటికీల ఉంటదని. ఎన్ని పలుకలు, ఎన్ని గొడుగులు! నీకు జెప్పి జెప్పి నా నోరు వడిపాయె గదనే!"

నేను ల్యాప్‌టాప్ మూయబోయాను. తెర మీద డాక్టరు చేయెత్తి వద్దన్నాడు. తల వంచుకుని గబగబా రాసుకుంటున్నాడు.

అమ్మ పీచు పట్టుకుని బయటికొచ్చింది. ఆయన్ని చూసి నిలబడిపోయింది. "గీ సారు ఇంక వోలేదా?"

"అమ్మా, చాలా సాయం చేశారు" అన్నాడాయన.

అమ్మ నా వైపు తిరిగింది. "కావాల్ననే పాలు వెట్టినవా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. నిజంగా మర్చిపోయానని ఒట్టు పెట్టాను. ఆమె నమ్మలేదు. టీ తాగకుండా, కొంగు నడుముకు దోపి ఉండగానే ఆటో ఎక్కి పోయింది.

జబ్బు ఉందని తేలింది. డాక్టరు మందుల గురించి చెప్పాడు. ఒక రకం మందు ఫోన్లో చూసి రాయడానికి చట్టం ఒప్పుకోదట, ఎదురుగా చూసే రాయాలట. ఇంకో రకం రాయొచ్చు, కాని పనిచేయడానికి వారాలు పడుతుంది. ముందు బీపీ, నాడి చూపించుకోవాలి. రెండో రకమే చాలన్నాను. అమ్మను నొప్పించి సంపాదించుకున్న జబ్బు. ఎలా ఉన్నా సంతోషంగానే ఉంది.

ఆగస్టు 8

మేడ్చల్‌లో మందుల షాపతను చీటీ పైకెత్తి, "గిది మెంటల్ కేసులకిచ్చేది గదక్కా, ఎవలికి?" అన్నాడు, పక్కన నిలబడ్డ నలుగురికీ వినిపించేలా. నాకే అన్నాను. తెప్పిస్తానన్నాడు, నా వైపు చూడకుండా.

రిపోర్టు అన్వేష్ ఫోన్‌కు పంపాను. చదివాడు. మళ్ళీ చదివాడు. "మంచిగయ్యింది. ఇగ అందరికి తెలుస్తది, నీ తప్పేం లేదని" అన్నాడు. నా తల నిమిరాడు. ఎంత మంచివాడు! ఇన్నాళ్ళూ అనవసరంగా దాచాను. ఆదివారం అలియాబాద్ పోయి రక్షితను తెచ్చుకోవడమే.

ఆగస్టు 10

తేలేదు.

ఆగస్టు 11

రాయాలి. రాయకపోతే రేపటికి నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

వరండాలో మామయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన అన్న, దాయాదులు ఇద్దరు. మామయ్య చేతిలో ఫోను. ఫోన్లో నా రిపోర్టు. మామయ్య మనిషి మంచివాడే. మల్లేశం పటేల్ నోరు జారడని పేరు. నిన్న కూడా జారలేదు.

"మేం ఒక్క మాట అన్నమా బిడ్డా నిన్ను? అనలే. ఇగ డాక్టరే రాసిచ్చిండు. మతిమరుపు, మనసు నిలువది, చిన్నప్పటికెల్లి ఉన్నది అని. మీ అమ్మే జెప్పిందట గద. అసోంటప్పుడు పసిపిల్లను నీ మీదెట్ల ఇడ్వాలె?"

"చివరి లైను సదువుండ్రి మామా. మందుతోని బాగైతదని ఉంది."

"కండ్లద్దాలు లోపలున్నయ్ బిడ్డా."

మతిమరుపు దాకా అద్దాలు లేకుండానే చదివాడు. అన్వేష్ గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో గచ్చు గీకుతున్నాడు. అత్తమ్మ నాకు చల్ల తెచ్చి ఇచ్చింది. ఈ ఏడుకు రక్షిత అలియాబాద్ నుంచే బడికి వచ్చిపోతుందట, వచ్చే ఏడు శామీర్‌పేటలో బడి చూస్తారట. పెళ్ళిసంబంధం మాట్లాడుకున్నంత మర్యాదగా నా బిడ్డను తీసుకున్నారు.

అమ్మకు తెలుసు. పట్టుచీర కట్టుకుని అబద్ధమాడిన మా అమ్మకు తెలుసు, ఆ కాగితం ఎక్కడికి నడుస్తుందో. నేనే పాలు పొంగించి మరీ రాయించుకున్నాను.

ఆగస్టు 16

ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. ఇవాళ నాకు మీటింగుంది అన్నాడు. సరే సరే అన్నాను. అన్నాను. ఒప్పుకుంటే మనసుకు కొంచెం నెమ్మది.

ఆగస్టు 21

వాంతి. నోరు పిడచకట్టుకుపోతోంది. అన్నం సహించదు. తలలో సంత మాత్రం తగ్గలేదు.

ఆగస్టు 22

డాక్టరు ఓపిక పట్టమన్నాడు. అలాగే సార్.

సెప్టెంబర్ 3

ఇవాళ పాలు పొంగలేదు.

చిన్న సంగతి. కాని పొయ్యి ముందు నిలబడ్డాను, పాలు పైకి వచ్చాయి, ఆపాను. మధ్యలో ఎటూ పోలేదు. తలలో ఎప్పుడూ నాలుగు రేడియోలు మోగుతుండేవి. ఇవాళ ఒక్కటే మోగుతోంది, అదీ వినబడుతోంది. మిగతావాళ్ళు ఇన్నేళ్ళూ ఇలాగే బతికారా? ఇంత సుఖంగా ఉండి నన్ను తిట్టారా? కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 7

ఆదివారాలు రక్షితను చూడనిస్తున్నారు. ఇవాళ శామీర్‌పేట చెరువు దగ్గరికి తీసుకుపోతానంటే అత్తమ్మ వెంట మామయ్యను పంపింది. ఆయన కారులో కూర్చున్నాడు. మేమిద్దరం మక్కబుట్టలు కాల్చే ఆవిడ దగ్గర నిలబడ్డాం. నిమ్మకాయ, కారం రాసి ఇచ్చింది. రక్షిత నోరు కాలుతున్నా ఆపకుండా తింది.

"డాడీ కొనియ్యనే లేదు" అంది తింటూ తింటూ.

"ఎప్పుడు?"

"గా రోజు. వానవడ్డ రోజు. పొద్దుగాల బండి మీద దించుకుంట జెప్పిండు, సాయంత్రం నేనే వస్త, కట్ట మీద మక్కబుట్ట కొనిస్తనని. రాలే. నేను వాచ్‌మన్ తాతకు గుడ జెప్పిన, మా డాడీ వస్తడని. మక్కబుట్ట గుడ కొనియ్యలే."

గేటు దగ్గర నిలబెట్టారని దానికి కోపం లేదు. మక్కబుట్ట బాకీ ఉందని కోపం. ఇంకోటి కొనిచ్చాను.

నేను ల్యాబుకు పోయాక కదా వాళ్ళిద్దరూ బయల్దేరింది. నాతో మీటింగు సంగతి చెప్పినవాడు, నేను పోయాక బిడ్డతో నేనే వస్తానని ఎందుకంటాడు? అన్వేష్ నాతో ఏమీ అనలేదు. మర్చిపోయింది అతను. ఫోన్ వచ్చేసరికి చేతికి దొరికిన మనిషి మీదికి నెట్టాడు. ఎవరైనా నమ్ముతారు. నేనే నమ్మాను కదా! సోఫా దిండ్లు, సరే సరే, అన్నీ కూర్చుకుని మరీ నమ్మాను.

సెప్టెంబర్ 8

టిఫిన్ తింటుంటే అన్వేష్‌ను అడిగాను. అరవలేదు. రక్షిత చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇడ్లీ ముక్క చేతిలో ఆగింది. ఒక్క క్షణం. నేను చూశాను. ఇదివరకైతే చూసేదాన్ని కాదు. తర్వాత చట్నీలో ముంచుకుని తిన్నాడు.

"పసిపిల్ల మాట పట్టుకొస్తవా? నేను నీకు జెప్పిన."

"చెప్పలే. నాకిప్పుడు మంచిగ యాదికున్నది."

"నీకా?" అన్నాడు. నవ్వాడు కూడా. "నీకు యాదుంటదా సృజనా? డాక్టరే రాసిచ్చిండు గద."

చేయి కడుక్కుని పోయాడు.

ఇక ఈ జన్మలో నేను చూసింది చూసినట్టు కాదు, విన్నది విన్నట్టు కాదు. నా మీద ఏ మాట వేసినా అతుక్కుంటుంది. సంతకం డాక్టరుది, సాక్ష్యం అమ్మది, ఇద్దర్నీ బతిమాలి తెచ్చుకుంది నేను.

సెప్టెంబర్ 9

అమ్మ దగ్గరికి పోయాను. నువ్వన్నట్టే అయిందన్నాను. నేను ముందే చెప్పలేదా అంటుందనుకున్నాను, అనలేదు. అన్నం పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. "గోలి ఏసుకున్నవా ఇయ్యాల?" అంది. వేసుకున్నానన్నాను. "ఏసుకో. ఇడ్వకు" అంది.

సెప్టెంబర్ 11, గురువారం

మధ్యాహ్నం మొలకల ట్రేలు సుచిత్రకు అప్పజెప్పి లేచాను. "మధ్యల వోతున్నవా అక్కా? నువ్వేనా?" అంది. నేనే అన్నాను.

బడి వదలకముందే గేటు దగ్గర నిలబడ్డాను. మామయ్య కారు ఇంకా రాలేదు. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపాడు. కూర్చోలేదు. గంట కొట్టారు. రక్షిత బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చి, నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. స్కూటీ ముందర ఎక్కి నిలబడింది.

ఇంటికి తెచ్చుకున్నాను. పాలు కాచి ఇచ్చాను. దాని చెప్పులు గుమ్మం దగ్గర జోడించి పెట్టాను.

నా ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. కొంచెంసేపటికి అమ్మ ఫోన్ చేసింది. అత్తమ్మ రావల్‌కోల్‌కు ఫోన్ చేసి, నీ బిడ్డ పిల్లను ఎత్తుకపోయింది అందట. మరి నువ్వేమన్నావే అని అడిగాను. "ఏమంట? నా బిడ్డ శాన నెమ్మదస్తురాలు వదినా, పెద్దలకు జెప్పకుంట అడుగు బయట వెట్టది అన్న" అంది అమ్మ. పట్టుచీర లేకపోయినా అదే గొంతు. "ఉల్టా పల్టా జేస్తే నాకు ఫోన్ జెయ్, నేనొస్త" అని పెట్టేసింది.

తర్వాత అన్వేష్ వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు. రక్షిత నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులేసుకుంటోంది. దాన్ని చూసి గొంతు తగ్గించాడు.

"మా బాపు గంటసేపు గేటు కాడ నిలవడ్డడు! తీస్కపోతున్నా అని ఒక్క మాట జెప్పనీకి ఏమైంది నీకు?"

నేను అతని మొహంలోకి చూశాను. రేడియో ఒక్కటే మోగుతోంది, స్పష్టంగా.

"మర్సిపోయిన" అన్నాను. "డాక్టరే రాసిచ్చిండు గద."